మసిరాయి బరువు

మొన్న మా వీధికి రోడ్డు వేస్తామని టిప్పరు ఒకటి వచ్చి గుమ్మం ముందర కంకర దించింది. రాయి మీద రాయి దొర్లే గలగల, వెంటనే లేచిన దుమ్ము, ఆ దుమ్ములో కొత్తగా పగిలిన రాయికి ఉండే కాలిన వాసన. లోపల బియ్యం ఏరుకుంటున్నదాన్ని చేట అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు. కుప్ప పక్కన చతికిలబడి ఒక రాయి తీసి అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశాను. పారేసి ఇంకొకటి తీశాను. రోడ్డు పనివాళ్ళు నవ్వారు. "ఏంది అవ్వా, పులుసులోకి ఏరతన్నావా?" అన్నాడు ఒకాయన. "వెండి ఉండాదేమో చూస్తన్నాలే నాయనా" అన్నాను. వాళ్ళు ఇంకా నవ్వారు. నేను మాత్రం పదో రాయి దాకా లేవలేకపోయాను.

నాకు చదువు లేదు. రవణ అని నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెబుతుంటే ఇది వేరేవాళ్ళు రాస్తున్నారు. మాట ముందూ వెనకా అయితే ఏమనుకోకండి. చెప్పాలనుకున్నది పెంచలమ్మత్త గురించి. ఆమెను మీరు చూసి ఉండరు. చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నేనేమో. పొట్టి మనిషి, నల్లగా, గట్టిగా, రుబ్బురోటి పొత్రంలాగా ఉండేది. నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటి పొడుగ్గా పెంచుకుంది, అభ్రకం పొరల మధ్య దూర్చడానికి. నాకు వరసకు అత్త కాదు. ఆత్మకూరు అభ్రకం షెడ్డులో పనికి చేరిన ప్రతి ఆడమనిషికీ ఆమె అత్తే.

అభ్రకాన్ని మా వైపు కాకిబంగారం అంటారు. గుంతల్లోంచి పుస్తకాల్లాగా పొరలు పొరలుగా వస్తుంది. ఆ పొరలు విడదీయాలి, పగిలిన అంచులు కత్తితో కోసేయాలి, ఒక్కో రేకునీ ఎండకు ఎత్తి పట్టి చూడాలి. మచ్చ ఉంటే ఒక కుప్ప, గీత ఉంటే ఒక కుప్ప, ఏమీ లేకుండా అద్దంలాగా ఉంటే మేలురకం. పెళ్ళయిన ఏడాదే నేను షెడ్డుకు వచ్చాను. మా ఊరి చెరువు రెండేళ్ళుగా ఎండిపోయి ఉంది, మా ఆయన చేలో పని లేక గుంతల్లోకి దిగాడు, నేను షెడ్డులో కూర్చున్నాను. మొదటిరోజే కత్తి బొటనవేలిలో దిగింది. పెంచలమ్మత్త నా చెయ్యి లాక్కుని తన సున్నపుకాయలోంచి ఇంత సున్నం తీసి గాయానికి అదిమింది. నేను కేక పెట్టాను.

"అరిస్తే రక్తం ఆగతాదా? చూపు యాడ పెట్టినావు మే?"

"చేతి మీదే పెట్టినానత్తా."

"చేతి మీద కాదు, సరుకు మీద పెట్టు. ఈ పనిలో చెయ్యి ఊరికే మోసే కూలిది. చెప్పేది కళ్ళే."

ఆ మాట నేను వెయ్యిసార్లు విన్నాను. ఆమె కన్ను అట్లాంటిది. గుమ్మంలో నిలబడి కుప్పను చూసి ఇందులో మేలురకం ఇంత వస్తుందని చెప్పేది, సాయంత్రానికి అంతే తేలేది. మద్రాసు నుంచి కొనడానికి వచ్చిన పెద్దమనుషులు కూడా రేకును ఎండకు పట్టి, చివరికి ఆమె ముఖం వైపు చూసేవాళ్ళు. నేను అన్నం తెచ్చుకోని రోజున తన గిన్నెలోంచి సగం తీసి పెట్టేది. తిట్టడం కూడా అంతే ధారాళంగా తిట్టేది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నది వంట. కూర్చోవడం, చూడటం, పని ముగించేదాకా లేవకపోవడం ఈమె దగ్గర నేర్చుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాదో ఆపై ఏడాదో, అభ్రకానికి గిరాకీ పడిపోయింది. మా షావుకారు సగం షెడ్డు మూసేశాడు. అప్పుడే ఆయనకు ఉదయగిరి తట్టు ఒక పాత గని చేతికొచ్చింది. కొండకు తూర్పున, తుమ్మచెట్లలో, ఎప్పటివాళ్ళు తవ్వారో ఎవరికీ తెలియని గుంతలు. చుట్టూ నల్లగా కరిగి గడ్డకట్టిన చిట్టెపు రాళ్ళ దిబ్బలు. ఎవరో ఆ కాలంలోనే అక్కడ రాయిని కరిగించి ఏదో తీసుకుపోయారన్నమాట. అది సీసమని, సీసంలో వెండి ఉందని షావుకారుకు ఎవరో పెద్ద చదువులాయన చెప్పాడట. సీసానికి పెద్దగా ఏమీ రాదు, వెండి ఉంటేనే గని. తవ్వడానికి మగవాళ్ళు దొరుకుతారు, రాయి పగలగొట్టి ఏరడానికి చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి. ఆయన పెంచలమ్మత్తను అడిగాడు. పెంచలమ్మత్త మమ్మల్ని అడిగింది.

"నేనుండాను గదా, రాండి" అంది. అంతే. పన్నెండు మంది ఆడవాళ్ళం, మగవాళ్ళు, పిల్లాజెల్లా, మేకలు, కుండలు అన్నీ బండ్లెక్కి పోయాం. ఆ మాట మీదే పోయాం. వెనక్కి వస్తే షెడ్డులో చోటు లేదు, ఊళ్ళో నీళ్ళు లేవు.

అక్కడి నేల సంగతి మా ఆయన చెప్పేవాడు. ఆయనకు గునపం పట్టుకుంటే నేల అర్థమయ్యేది. పైనంతా పొరలుగా రాలిపోయే నల్ల పలకరాయి. ఆ పలకరాతి మధ్యలో తెల్ల పలుగురాయి చార ఒకటి, చీర అంచులాగా, నిలువుగా దిగి ఉత్తరానికి పోయేది. ఒకచోట జానెడు, ఒకచోట బారెడు వెడల్పు. సీసపురాయి ఆ తెల్లరాతి కడుపులో ఉండేది. పై మట్టంలో దొరికిన రాయి అందం చెప్పలేను. సుత్తితో కొడితే పాచికల్లాగా నలుచదరంగా విరిగేది, విరిగిన ప్రతి ముఖమూ అద్దమే. దానితోబాటు ఇంకో రాయి కూడా వచ్చేది. పెనం అడుగులాగా నల్లగా, మసి పట్టినట్టు. కొడితే పాచికలుగా విరగదు, నలిగి సన్నటి గరుకు రాలుతుంది. చేతులు నల్లబడతాయి. దానికి మేమే మసిరాయి అని పేరు పెట్టుకున్నాం.

తాటాకుల పందిరి కింద చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. తట్టలతో రాయి తెచ్చి ముందర పోస్తే, పగలగొట్టి తెల్లరాయి విడదీసి, మెరిసేది కుడిపక్కకు, మిగతాది ఎడమపక్క దిబ్బకు. మొదటి చాప పెంచలమ్మత్తది. పందిరి వాకిట్లో, వెలుతురు బాగా పడేచోట. ప్రతి రాయినీ అభ్రకంలాగే ఎండకు తిప్పి చూసేది. మేమూ అట్లాగే చూసేవాళ్ళం. మాకు తెలిసిన పని అదే కదా. మెరుపు ఎక్కువైతే మేలురకం, లేకపోతే దిబ్బ. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఒక్కరికీ అంటే, నాకు ఒక్కసారి వచ్చింది. మొదటి వారమే. ఒక మసిరాయిని దిబ్బకు విసరబోతే చెయ్యి జారింది. ఆ పరిమాణానికి అంత బరువు ఉండకూడదు. కుడిచేతిలో మెరుపురాయి, ఎడమచేతిలో అది పెట్టుకుని చూశాను, రెండూ సమంగా తూగాయి.

"అత్తా, ఈ మసిది ఇంత బరువుండాదేంది? పారేసేదేనా?"

ఆమె తలెత్తి కూడా చూడలేదు. "బరువు చూసి కొనేది గుమ్మడికాయ మే. రాయిని మెరుపు చూసి కొంటారు. విసురు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి విసిరేశాను.

ఆ రాయి నిజంగా బరువే, అది అందరికీ తెలుసు. గని నుంచి ఉదయగిరి బాటకు పోయే బండ్లదారి వానొస్తే బురద అయిపోయేది. పలకరాయి పోస్తే కొట్టుకుపోయింది. "మసిరాయి పొయ్యండి, కదలదు" అని చెప్పింది పెంచలమ్మత్తే. పోశారు. కదల్లేదు. ఆ దారి చూసి షావుకారు ఆమెను మెచ్చుకున్నాడు కూడా. నెలల తరబడి మా ఎడమపక్క దిబ్బంతా బండ్లలో పోయి ఆ దారి మీద పరుచుకుంది.

ఏరిన మెరుపురాయి మూటలు కట్టి మద్రాసులో పరీక్ష చేసేచోటికి పంపారు. జవాబు వచ్చింది. సీసం దండిగా ఉంది, వెండి అరకొర. రెండోసారి పంపారు. అదే జవాబు. షావుకారు ముఖం చిన్నబోయింది. గుంతలోకి దిగి చూశాడు, పైకొచ్చి మగవాళ్ళను తిట్టాడు, మంచి రాయి వదిలి చెడ్డ రాయి తవ్వుతున్నారని. మా ఆయన ఇంటికొచ్చి గునపం మూలకు విసిరేశాడు. "లోతుకు పోయేకొద్దీ మెరుపు తగ్గిపోతా ఉండాది. అంతా మీ మసిరాయే వస్తాంది. నేనేం చేసేది?" అన్నాడు. మూడోసారి పంపుతాం, అప్పుడూ ఇంతే అయితే పని ఆపేస్తామని షావుకారు తేల్చి చెప్పాడు. ఆ రోజు నుంచి పందిట్లో మాటలు తగ్గాయి. పెంచలమ్మత్త ఇంకా గట్టిగా ఏరించడం మొదలుపెట్టింది. కొంచెం మసి అంటిన రాయి కూడా దిబ్బకే. ఎంత ఏరితే అంత వెండి వస్తుందని ఆమె నమ్మకం.

నాకు మాత్రం కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. అన్నం తింటున్నా ఆ బరువు చేతికి గుర్తొచ్చేది. అడుగుదామని ఆమె ముఖం చూసి, మళ్ళీ సుత్తి అందుకునేదాన్ని. ఈ మనిషి పెట్టిన అన్నం తిని, ఈ మనిషి నేర్పిన పని చేస్తూ, నీకు తెలియదని ఎట్లా చెప్పేది? ఒక సంతరోజు మా అత్తగారి కడియం తెగిందని ఉదయగిరిలో ఆచారి దగ్గరకు పోవలసి వచ్చింది. ముసలాయన, కొండ కింది వీధిలో కొలిమి పెట్టుకుని వెండి పని చేసేవాడు. పోయేముందు కొంగులో ఒక మెరుపురాయి, ఒక మసిరాయి కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నావని ఎవరైనా అడిగి ఉంటే ఏడ్చేసేదాన్ని.

ఆచారి రెండు రాళ్ళూ చూసి, కడియం సంగతి మరిచిపోయాడు. "ఆ పాత గుంతల్లోదా? మా తాతలు చెప్తా ఉండినారు" అన్నాడు. రెండింటినీ సమంగా తూచి, విడివిడిగా దంచాడు. పెంకులో వేసి కాల్చితే గంధకం కంపు లేచి నాకు దగ్గొచ్చింది. తర్వాత వెలిగారం కలిపి మూసలో కరిగిస్తే ఒక్కోదానిలోంచి సీసపు ముద్ద వచ్చింది. ఇక అసలు పని. కాల్చిన ఎముకల బూడిదతో చేసిన చిన్న దొన్నెలు రెండు తీసి, ఒక్కోదానిలో ఒక ముద్ద పెట్టి తిత్తి ఊదాడు. సీసం కరిగి, తిరిగి తిరిగి, ఆ బూడిదలోకి ఇంకిపోయింది, ఇసుకలోకి నీళ్ళు ఇంకినట్టు. చివర్లో ఒక్క క్షణం తళుక్కుమంది. దొన్నె అడుగున ఏదో మిగిలింది.

మెరుపురాయి దొన్నెలో మిగిలింది నువ్వుగింజ కొసంత. నా చూపుకు ఆనలేదు. మసిరాయి దొన్నెలో మిగిలింది కొర్రగింజంత. గుండ్రంగా, తెల్లగా.

"ఇది వెండేనా ఆచారీ?"

"నన్నడిగితే? నేను డెబ్బై ఏళ్ళుగా చేస్తా ఉండేది ఇదే పని."

"మరి ఆ మెరిసేది?"

"మెరిసేది సీసం అమ్మణ్ణీ. వెండి దాన్లో కలిసిపోయి ఉంటాది, కంటికి కనపడదు. ఏ రాయిలో ఎంతుండాదో కాల్చి చూస్తేనే తెలిసేది. మీ షావుకారికి ఒక్క కొలిమి పెట్టుకోవాలని తోచలేదా?" ఆ గింజను ఆకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. "దీన్ని పారేస్తన్నారా మీరు?"

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పాను.

మూడు రోజులు ఆ గింజను కొంగున కట్టుకుని తిరిగాను. మూడు రోజులూ మసిరాయి తీసి దిబ్బకు విసురుతూనే ఉన్నాను, అందరితోబాటు. మూడో మూట కట్టడానికి ఇంకా రెండు రోజులుంది. నాలుగో రోజు పొద్దున, ఎవరూ రాకముందే పందిట్లోకి పోయాను. పెంచలమ్మత్త ఒక్కతే చాప దులుపుకుంటూ ఉంది. ముడి విప్పి ఆకు ఆమె ముందర పెట్టి, జరిగింది గబగబా చెప్పేశాను.

ఆమె గింజను చూడలేదు. నన్ను చూసింది.

"నా ఎనకాల ఆచారి కాడికి పోయినావా?"

"పోయినానత్తా."

"మూడు దినాలు నా పక్కన కూర్చుని, నా చేత పారేయించినావా?"

ఆమె లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బండ్లదారి వైపు నడిచింది. నేను వెంట పోలేదు. దూరం నుంచి చూశాను. దారి మీద వంగి ఒక రాయి తీసి చేత్తో ఆడించడం, పెట్టడం, నాలుగడుగులు వేయడం, మళ్ళీ వంగడం. దారి చివర తుమ్మచెట్ల దాకా అట్లాగే పోయింది. తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది, ఆడవాళ్ళంతా పనిలో కూర్చున్నారు. అంతలో షావుకారు జీపు వచ్చి ఆగింది. ఆయన దిగుతూనే మగవాళ్ళను కేకేసి, గుంతలో దొంగపని జరుగుతోందని మొదలుపెట్టాడు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"షావుకారూ, ఆగండి" అంది పెంచలమ్మత్త. "గుంతలో తప్పు లేదు. తప్పు నా పందిట్లో ఉండాది."

"ఏం తప్పు?"

"వెండుండే రాయిని పారేయించినాను. వచ్చిన కాణ్ణించి."

"ఎవురు పారేసింది?"

"చేతులు ఈళ్ళవి. పారేయమన్నది నేను." ఆకులోని గింజను ఆయన అరచేతిలో పోసింది. "ఇది మసిరాయిలోది, ఆచారి తీసినాడు. ఈ రవణ మొదటి వారంలోనే అడిగింది నన్ను, ఇంత బరువుండాది, పారేసేదేనా అని. నేను నోరు మూయించినాను."

ఆ మాట ఆమె చెప్పనక్కరలేదు. నవ్వినవాళ్ళు నవ్వి మరిచిపోయారు, ఆ రోజు నేను అడిగానని గుర్తున్నది మా ఇద్దరికే. ఆచారి తీశాడని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నా మూడు రోజుల సంగతి చెప్పింది కాదు. అది దాచింది. తనది మాత్రం అందరి ముందరా పెట్టింది.

షావుకారు గింజను వేలితో దొర్లించి చూశాడు. "ఇంత అనుభవం ఉండేదానివి, నీకు తెలీలేదా పెంచలమ్మా?"

"నాకుండేది కాకిబంగారం అనుభవం. వెండిరాయి మొహం నేనెప్పుడు చూసినాను? తెలీదని చెప్పాల్సింది. చెప్పలా."

"ఇప్పుడా రాయి యాడుండాది?"

పెంచలమ్మత్త చెయ్యి చాపింది. ఆయన జీపు నిలబడి ఉన్న దారి వైపు. ముందు అర్థమై నవ్వింది మా ఆయనే. "షావుకారూ, ముందు జీపు ఆవలికి తీసకపొండి. దారి తవ్వాల" అన్నాడు.

రెండు రోజులు ఆ దారి తవ్వాం. మేమే పోసిన రాళ్ళు, బండి చక్రాల కింద పడి నేలలో కూరుకుపోయినవి, గునపాలతో పెళ్ళగించి, కడిగి, తట్టలకెత్తాం. పెంచలమ్మత్త అందరికంటే ముందు వంగింది, అందరికంటే వెనక లేచింది. పొడుగు గోరు మొదటిరోజే విరిగిపోయింది. చూసుకుని కొరికి ఉమ్మేసింది. మసిరాయి మూటలు మద్రాసు పోయాయి. జవాబు వచ్చేదాకా మూడు వారాలు. ఆ మూడు వారాలు నేను ఒకచోట నిలబడి ఎరగను. నీళ్ళకు పోతే కడవ మరిచి వచ్చేదాన్ని. ఆచారి తప్పైతే? నేను తీసుకుపోయిన ఒక్క రాయిలోనే ఉండి మిగతావాటిలో లేకపోతే? ఆమె పరువు తీసింది నేనవుతాను కదా. ఆమె మాత్రం నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జవాబు మంచిదే వచ్చింది. పని నిలిచింది. షావుకారు బెల్లం పంచాడు. పంచి, వెంటనే ఇంకో మాట అన్నాడు. "ఇక మీదట మొదటి చాప రవణది. ఏది ఉంచాలో ఏది పారేయాలో ఈమె చెప్తాది."

నేను వద్దన్నాను. పెంచలమ్మత్త అప్పటికే తన చాప చుట్టి చంకన పెట్టుకుంది. నాది తెచ్చి వాకిట్లో పరిచింది, చేత్తో ముడతలు సరిచేసింది. తను పోయి నా పాత చోట కూర్చుంది. "కూర్చో మే మేస్త్రమ్మా. నిలబడితే రాయి ఎవురు ఏరతారు?" ఆ పిలుపులో ఎకసక్కెం ఎంత ఉందో, ఏమీ లేదో, ఎంత చూసినా నాకు తెలియలేదు. మూడు రోజులు ఆ చాప మీద ముల్లు ఉన్నట్టు కూర్చున్నాను.

తర్వాత జరిగింది చెబుతాను. పెంచలమ్మత్త చెయ్యి మసిరాయిని పట్టడం లేదు. కన్ను ముందు మెరుపుకే పోతోంది, చెయ్యి దాని వెనకే పోతోంది. పలుగురాయిలో కలిసిన మసిరాయిని ఇంకా పారేస్తూనే ఉంది. నేను చూసీ చూడనట్టు ఆ రాళ్ళు దిబ్బలోంచి తీసి పెడుతున్నాను. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది.

"నా ఎనక నా తప్పులు ఏరతన్నావా?"

"లేదత్తా..."

"మళ్ళా అబద్ధం. నాకు చూపించు. బరువు ఎట్టా చూసేది?"

ఆమె చేతిలో ఒక మసిరాయి, ఒక ఉత్త పలకరాయి పెట్టాను. కళ్ళు మూసుకోమన్నాను. మూసుకుంది, వెంటనే తెరిచేసింది. "ఇవి ఊరుకోవు" అని, భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకు గట్టిగా కట్టుకుంది. ఆత్మకూరు మొత్తానికీ పేరుమోసిన కళ్ళు అవి. గంతలు కట్టుకుని, తట్ట ముందర కూర్చుని, ఒక్కో రాయి తీసి చేత్తో ఆడిస్తూ ఆమె అడుగుతోంది, నేను చెబుతున్నాను. "ఇదేంది?" "మసి." "ఇదేంది?" "పలక అత్తా." "ఇదేంది?" "అది నా కాలు!" అని పక్కనున్న ఆమె అరిచింది. పందిరంతా పగలబడి నవ్వింది. పెంచలమ్మత్త గంతలు విప్పకుండానే, "నీ కాలికి ఇంత బరువేంది మే, వెండుండాదా?" అంది. అన్ని వారాల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి హాస్యం అది. పదిహేను రోజులు రోజూ కాసేపు అట్లా కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఆ తర్వాత గంతలు విప్పింది, ఇక తప్పు పోలేదు.

ఆ గని రెండేళ్ళ పైచిలుకు నడిచింది. తర్వాత ఒకరోజు మా ఆయన పైకొచ్చి, తెల్లచార నల్లరాతి గోడకు తగిలి తెగిపోయిందన్నాడు. అటూ ఇటూ తవ్వి చూశారు, మళ్ళీ దొరకలేదు. ఆ వానాకాలం గుంత నీళ్ళతో నిండింది. అప్పటికి ఊరి చెరువులోకి నీళ్ళొచ్చాయి, అభ్రకానికి గిరాకీ తిరిగొచ్చింది. మేం ఆత్మకూరు షెడ్డుకు వచ్చేశాం. అక్కడ మొదటి చాప మళ్ళీ పెంచలమ్మత్తదే, అది ఆమె విద్య. కానీ మనిషి మారింది. రోజూ పని ముగిసేముందు పారేసిన కుప్పలోంచి ఒక ముక్క తీసి, "దీన్ని ఎందుకు పారేసినాం?" అని అడిగేది. ఎవరో ఒకరు కారణం చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళు ముందు చెప్పాలి. ఒకసారి నాకు విసుగొచ్చి, "అత్తా, మచ్చుంది గనక పారేసినాం. నిన్నా అదే చెప్పినాం, మొన్నా అదే చెప్పినాం" అన్నాను.

"నిజమే చెప్పినావు" అంది. "రేపు మళ్ళా అడగతాను."

అడిగింది. పోయేదాకా అడిగింది.

ఆమె పోయాక ఆ చోట నన్ను కూర్చోబెట్టారు. కొన్నేళ్ళకు మా ఆయన రాతి దుమ్ము దగ్గుతో పోయాడు. నా గొంతు కూడా ఆ దుమ్ముతోనే ఇట్లా బొంగురుపోయింది. నేనూ తిట్టడం నేర్చుకున్నాను, నేనూ నోళ్ళు మూయించాను. ఒకనాటి సాయంత్రం షెడ్డు కట్టేసి బయలుదేరుతుంటే, కొత్తగా చేరిన పిల్ల ఒకతె, "పెద్దమ్మా, ఒక మాట" అని వెనకాల వచ్చింది. బస్సుకు పొద్దుపోతోంది. "నీ మాట రేపు విందాంలే, నోరు మూసుకుని ఇంటికి పో" అన్నాను. అది పోయింది. నేను బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కాను. కూర్చున్నాను. కండక్టరు టిక్కెట్టు అడిగేలోపల దిగేశాను.

ఆ పిల్ల ఉండేది ఊరి బయట కొట్టాల్లో, రెండు మైళ్ళు. బజారంతా దాటుకుని నడిచాను. ఏ రేకు గురించి చెప్పబోయిందో, ఏం పారేశామో, ఎన్నాళ్ళుగా పారేస్తున్నామో అనుకుంటూ నడిచాను. పోయేసరికి అది పొయ్యి ముందర కూర్చుని ఉంది. నన్ను చూసి భయపడి లేచింది.

"ఇందాక ఏం చెప్పబోయినావు మే? చెప్పు."

"ఏం లేదు పెద్దమ్మా..."

"చెప్పమంటే!"

"నీ చీర ఎనక బారెడు చినిగి ఉండాది. కొంగు కప్పుకుని పొమ్మని చెప్దామని."

వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజమే. అట్లాగే ఆత్మకూరు బజారంతా నడిచి వచ్చాను. ఆ పిల్ల నవ్వాలా వద్దా అని నా ముఖం చూస్తోంది. నేనే ముందు నవ్వాను. అది సూదీ దారం తెచ్చి, నన్ను నిలబెట్టి, చీర వెనక కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ ఉంటే అడిగాను, "రేపు కూడా ఏదన్నా కనపడితే చెప్తావా?"

"తిడతావు గదా పెద్దమ్మా."

"తిడతాను. అయినా చెప్పు" అన్నాను.